డెన్మార్క్ కేకు

"బాబాయ్, బోర్డు మీద ఆ కొండలెందుకు?" అని అడిగింది పక్కవీధి నర్సు. మూడేళ్ళు డెన్మార్క్‌లో పనిచేసి నిన్ననే వచ్చింది.

"డెన్మార్క్ కేకు కదమ్మా. అక్కడి మంచుకొండలు," అన్నాడు బేకరీ ఆయన, తానే వాటిని ఎక్కి దిగినంత ధీమాగా.

"అక్కడ కొండలే లేవు బాబాయ్. దేశమంతా చదునే. మీ కేకు గురించి ఎంతమందిని అడిగానో, ఒక్కరికీ తెలీదు."

ఇరవై ఏళ్ళుగా ఆ దేశం గురించి కోతలు కోస్తూ వచ్చాడు. అది ఏ దిక్కున ఉందో కూడా ఆయనకు తెలీదు. పేరు ఒక బిస్కెట్ల డబ్బా మీద దొరికింది. కొండలు పెయింటరు పుణ్యం.

"మరి ఇది ఎక్కడి కేకు?"

లోపల గుడ్లు గిలక్కొడుతున్న చప్పుడు ఆగిపోయింది. ఇంకో దేశం పేరు ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఈ పిల్ల రేపు అక్కడికీ వెళ్ళొస్తే?

"మీ పిన్నిదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పెళ్ళయిన కొత్తలో చేసిపెట్టింది. ఇంట్లో వంటంటే ఎవరు కొంటారని, నేనే ఆ పేరు తగిలించాను."

గిన్నె చేత్తో పట్టుకునే భార్య బయటికొచ్చింది. ఆయన వంక చూడకుండా కేకు కోసి నర్సు చేతిలో పెట్టింది.

"తినమ్మా. ఈయన చేత ఈ మాట చెప్పించడానికి నువ్వు డెన్మార్క్ దాకా వెళ్ళి రావాల్సొచ్చింది."