నాన్న ఏ టెన్స్?

“హరితా, ఇక్కడ ‘ఈజ్’ కాదు, ‘వాజ్’ రావాలి.”

సత్యవాణి ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేసి, పైన సరైనది రాసింది.

మాయాబందర్ బళ్లో ఆరో తరగతి ఇంగ్లీషు పీరియడ్ అది. అప్పటిదాకా క్లాసంతా నవ్వులే. చక్రి ‘మై గోట్ వాజ్ బ్లాక్’ అని రాశాడు. “ఇప్పుడు రంగు మారిందా?” అని అడిగితే, “మేకే ఖతమ్ టీచర్! మొన్న ఆదివారం కోసేశాం” అన్నాడు. ఆ నవ్వుల ఊపులోనే సత్యవాణి హరిత నోట్‌బుక్ తెరిచింది.

‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫిషర్‌మన్.’

దిద్దిన పేజీ చూసి హరిత లేచి నిలబడింది. “వాజ్ ఎందుకు టీచర్?”

“అయిపోయినదానికి పాస్ట్ టెన్స్ వాడాలి.”

“నాన్న అయిపోలేదు టీచర్. ప్రెజెంట్ కాదు, అంతే. ఆబ్సెంట్.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. “చుప్!” అన్నాడు చక్రి. గంట కొట్టేదాకా మరెవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో సత్యవాణి టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. సంగతి విన్న లెక్కల మాస్టారు గోపినాథ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

“డింగీ పడవ సముద్రంలోకి వెళ్లి రెండేళ్లు దాటింది మేడమ్. వెతికేవాళ్లు కూడా మానేశారు. ఎవరో ఒకరు ఆ పిల్లకి చెప్పాలి కదా? మీరు దిద్దింది తప్పేం కాదు.”

“గ్రామర్ తప్పు కాదు సార్. కానీ ఎర్ర సిరాతోనా చెప్పడం? అంతమంది ముందా?” ఆమె డబ్బాని పక్కకి నెట్టింది. “పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే ధైర్యం ఇన్నాళ్లూ రాలేదు. చేతిలో పెన్నుంది కదా అని ఇవాళ చెప్పేశాను.”

గోపినాథ్ డబ్బా మూత తీసి ఆమె ముందు పెట్టాడు. ఆమె తినలేదు. సొరుగులోంచి వైట్‌నర్ తీసి, వెంట తెచ్చుకున్న హరిత నోట్‌బుక్‌లో ఎర్ర సిరా మొత్తం చెరిపింది. అది ఆరేదాకా ఊదింది. దాని మీద నీలం పెన్నుతో మళ్లీ ‘ఈజ్’ రాసింది.

సాయంత్రం గంట కొట్టాక నోట్‌బుక్ ఇస్తే, హరిత ఆ పేజీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“ఇప్పుడు రైటేనా టీచర్?”

“రైటే. పొద్దున తప్పు నాది.”

హరిత నోట్‌బుక్ సంచీలో పెట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు.

బడి గేటు దాటగానే హరిత ‘టీచర్’ అనడం మానేసి, “అమ్మా, ఆకలేస్తోంది” అంది.