కాలువకు పరీక్ష

పందొమ్మిది వందల యాభై అయిదు, మే ఇరవై. ఆ సాయంత్రం కంబన్న తన వాకిట్లో కాలువ తవ్వించిన ఓవర్సీయరుకు జొన్నరొట్టె, మిరపకారం పెట్టాడు. నిరుడు వానకు ఆ వాకిట్లో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి.

ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే ఓవర్సీయరు లేచాడు. "కాలవలో కడవెడు నీళ్ళు పొయ్యప్పా. నిలవకుండా పోతాండాయని కళ్ళారా చూసి రాయాల."

"వానొచ్చినప్పుడు చూస్తే సరిపోదా సారూ? ఇంట్లో ఉండేది ఒక్క కడవే. రెండు మైళ్ళు నడిచి తెచ్చినా."

"రేపే రిపోర్టు పోవాలప్పా! వానను నమ్ముకొని కూర్చుంటే ఎట్లా?"

కంబన్న కడవ వంచాడు. నీళ్ళు చకచకా పారి వీధి దుమ్ములో ఇంకిపోయాయి. ఓవర్సీయరు "భేష్" అని రాసుకున్నాడు. అంతలో కారం గొంతుకెక్కి దగ్గసాగాడు.

"నీళ్ళు! తాగేదానికి నీళ్ళియ్యప్పా!"

"పరీక్షకు పోయినాయి గదా సారూ," అన్నాడు కంబన్న మెల్లగా.

పక్కింటి హనుమంతమ్మ నవ్వాపుకుంటూ చెంబుతో వచ్చింది. "తాగు సారూ. వీటిని గూడా కాలవలో పోసేవు!"

ఓవర్సీయరు రెండు గుక్కలు తాగి ఆగాడు. బోర్లించిన కడవ వైపు చూశాడు. దగ్గు తగ్గకుండానే, మిగిలిన నీళ్ళు కంబన్న చేతికిచ్చి, తల దించుకొని సైకిలెక్కాడు.

పొద్దు గుంకినాక కంబన్న, ఆ రాత్రికి ఉన్నవి ఆ నీళ్ళే కాబట్టి, చెంబు మీద మూత పెట్టి తలుపు వేసుకున్నాడు.