పక్కింటామెకు మందు

"ఈ అవ్వకు ఎదలో మంటంట సార్. తిన్నాక ఎక్కువంట."

డాక్టరు తలెత్తి, ముసలమ్మ పక్కన నిలబడి ఆ మాట చెప్పినామెను చూశాడు. ముసలమ్మ కన్నడంలో ఊపిరి తీసుకోకుండా చెప్పిందంతా ఆ రెండు ముక్కల్లో ఇమిడిపోయింది.

"నువ్వీమెకు ఏమవుతావు?"

"ఏమీ కాను సార్. ఈయమ్మది సిరుగుప్ప దిక్కు. నాకు కన్నడం వస్తాది."

అది ఆదోనిలో పత్తి సేట్లు కట్టించిన ధర్మాసుపత్రి. డెబ్బై ఎనిమిదిలో, వానలు మొదలైనప్పుడు ఆయన తెనాలి నుంచి వచ్చి చేరాడు. రోగుల్లో సగంమందిది కన్నడం. మిగతావాళ్ళది తెలుగే గానీ, తెనాలి తెలుగు కాదు.

ఆమె పేరు ఉరుకుందమ్మ. ప్రతి శుక్రవారం వచ్చి తలుపు పక్కన నిలబడేది. మాట కుదరని వాళ్ళ వెంట లోపలికి పోయేది. జీతం లేని ఉద్యోగం. కూర్చోడానికి బల్ల కూడా లేదు.

"మన డిక్షనరీ వచ్చినాది సార్" అని నవ్వేవాడు కాంపౌండరు బసవన్న.

డాక్టరుకు ఆ డిక్షనరీ మీద కొంచెం అనుమానం.

"మూడు పూటలా భోంచేశాక బిళ్ళ వేసుకోమన్నాను. అంతే కదా. నువ్వు అంతసేపు ఏం చెప్పావు?"

"మూడు పూటలు తినేటోళ్ళు కాదు సార్. పొద్దున రొట్టె, రాత్రి సంగటి. మద్యానం ఏముండదు. అందుకే, అప్పుడు మజ్జిగన్నా తాగి ఏసుకో అవ్వా అని సెప్పినా."

 ఇంత పని ఊరికే ఎవరు చేస్తారని డాక్టరు అనుకున్నాడు.

ఒక శుక్రవారం అందరూ వెళ్ళాక ఆమె ఆగింది.

"సార్, మా పక్కింటామెకు రొమ్ములో గడ్డ లేసినాది. మందియ్యండి."

"నొప్పి ఉందా?"

"లేదంట. రాయి మాదిరి గట్టిగుండాదంట."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"నొప్పి లేని గడ్డే మంచిది కాదమ్మా. వెంటనే తీసుకురా. ఇప్పుడైతే కోసి తీసేయొచ్చు, బతుకుతుంది. ఆలస్యమైతే ఎవరి చేతుల్లోనూ ఉండదు."

"ఆమె రాదు సార్. మొగ డాక్టరుకు సూపీదు."

"కర్నూల్లో ఆడ డాక్టరు ఉన్నారు. రాసిస్తాను."

"కర్నూలు యాడ, ఆమె యాడ. కరిగేదానికి బిళ్ళలేమన్నా ఉంటే ఇయ్యండి."

"రాని మనిషికి మందివ్వను."

తర్వాతి శుక్రవారమూ అదే అడిగింది. ఆ తర్వాతా అడిగింది.

ఇంతలో ఆసుపత్రి టానిక్కు సీసాలు బస్టాండు దగ్గర అంగట్లో అమ్ముతున్నారని తెలిసింది. డాక్టరు నిజాయితీపరుడు. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆమె ఒక గర్భిణి వెంట లోపలికి వచ్చి, మాట మధ్యలో మళ్ళీ పక్కింటామె సంగతి ఎత్తింది.

"పక్కింటామె పేరు చెప్పి మందులు తీసుకుని బయట అమ్ముకోవాలనా? ఆ టానిక్కులూ నీ పనేనా?"

ఉరుకుందమ్మ ముఖం పాలిపోయింది.

"లేదు సార్."

"రేపటినుంచి ఈ గడప తొక్కొద్దు."

 ఆమె ఆ గర్భిణికి చెప్పాల్సిన మిగతా జాగ్రత్తలన్నీ కన్నడంలో చెప్పి, అప్పుడు బయటికి వెళ్ళింది.

తర్వాత ఆ గదిలో డాక్టరు చేతులతో సైగలు చేసేవాడు, రోగులు తలలూపేవారు. తలూపినవాళ్ళే రోగం తగ్గక మళ్ళీ వచ్చేవారు. వాళ్ళలో చాలామంది మధ్యాహ్నం తిండి లేదు కాబట్టి ఆ పూట బిళ్ళే వేసుకోలేదని ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

టానిక్కు దొంగ కూడా దొరికాడు. మందుల గది కాపలావాడే.

డాక్టరు సిగ్గుపడ్డాడు. "ఆమెను పిలిపించు బసవన్నా. తప్పు నాది."

"ఏ ఊరో సరిగా తెలీదు సార్. పెద్దకడుబూరు దిక్కు అనేది."

ఆ దిక్కు నుంచి ఎవరొచ్చినా అడగడం ఆయనకు అలవాటైపోయింది. ఎండలు ముదిరాక ఒక రైతు దగ్గుతూ వచ్చాడు. పేరు ఉచ్చీరప్ప.

"మీ వైపు ఉరుకుందమ్మ అని ఉందా? కన్నడం బాగా వచ్చు."

"నా పెండ్లామే సార్."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఎలా ఉంది? ఒకసారి తీసుకురావయ్యా, ఆమెతో మాట్లాడాలి."

"ఉగాది ముందర సచ్చిపోయినాది సార్."

డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు.

"ఏం జబ్బు?"

"తెలీదు సార్. ఎండిపోతా వచ్చినాది. అడిగితే ఏమీ లేదనేది."

 ఆమె కోసం ఇప్పుడు తను చేయగలిగింది ఒక్కటే మిగిలిందనుకున్నాడు డాక్టరు.

"మీ పక్కింటామెకు రొమ్ములో గడ్డ ఉందని నన్ను ఎన్నోసార్లు అడిగింది. నేనే వినలేదు. ఆమెనైనా రేపు తీసుకురా ఉచ్చీరప్పా. కర్నూలుకు నేనే వెంటబెట్టుకుని పోతాను."

ఉచ్చీరప్ప అర్థంకానట్టు చూశాడు.

"పక్కింటామెనా? మాది పత్తిసేన్లో ఒంటి గుడిసె సార్, సుట్టుపక్కల ఇంగో ఇల్లే లేదు."