నూట నలభయ్యో వరుస

“అక్కా, ఈ ప్రోగ్రాం ఒక్కసారి సరిచూసి పెట్టవూ? నువ్వు సరేనంటే గాని మేనేజరు గారు తీసుకోనన్నారు,” అంది చిన్నకోడలు, కుర్చీ లాక్కుని పక్కన చేరుతూ.

పెద్దకోడలు కంప్యూటరు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. “ఇంట్లో తోమిన గిన్నెలూ నేనే సరిచూడాలి, ఇక్కడ నీ రాతలూ నేనే సరిచూడాలి. బాగానే ఉంది.”

“నాకింకెవరున్నారక్కా?”

ఆ మాటకే ఒళ్ళు మండింది ఆవిడకి. తోడికోడళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు. పెద్దావిడ ఇందులో చేరి ఎనిమిదేళ్ళు. చిన్నది వచ్చి ఏడాది నిండలేదు. అయినా పొద్దున్నే అత్తగారు చిన్నదాని టిఫిన్ డబ్బా మూత తన చేత్తో బిగించి ఇస్తుంది; పెద్దదాని మూత పెద్దదే బిగించుకోవాలి. ఆఫీసులోనూ అదే వరస. టీం లీడరు కుర్చీ ఖాళీ అయి నెలైంది. అది తనదేనని ఎనిమిదేళ్ళుగా ఓపిక పట్టిన మనిషి, ఈ నెలంతా చిన్నది మేనేజరు గదిలోకి వెళ్ళడమూ నవ్వు మొహంతో బయటికి రావడమూ చూస్తూ కూర్చుంది.

“సరే, ఏం చేస్తుందిది?”

“కోల్డ్ స్టోరేజీలో మూడొందల గదులక్కా. గదికో థర్మామీటరు. ఒక్కోటీ జవాబివ్వడానికి తెగ బద్ధకిస్తుంది. పాత ప్రోగ్రాం ఒకదాని ముందు నిలబడితే, అది పలికేదాకా మిగతావన్నీ పడిగాపులే. ఇప్పుడు గదికో కోరొటీన్, అంటే ఓ బుల్లి ప్రోగ్రాం, పెట్టాను. అడుగుతుంది, జవాబు రాకపోతే ఉన్నచోటే ఆగి పక్కదానికి దారిస్తుంది. వచ్చాక మళ్ళీ అక్కణ్ణించే అందుకుంటుంది. ఒక అంకె మన చేతికిచ్చి, ఇంకోటి కావాలనేదాకా కదలదు.”

“మా మరిది లాగన్నమాట. పిలిస్తే లేచి ఒక పని చేస్తాడు, మళ్ళీ ముసుగు తన్నేస్తాడు.”

“అచ్చం ఆయనే!” చిన్నది పకపకా నవ్వింది. “కాకపోతే ఎక్కడ వదిలిందో ఇది గుర్తుపెట్టుకుంటుంది.”

పెద్దావిడకి నవ్వొచ్చింది గాని పెదవి బిగించింది. చిన్నది లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నారింజ వలుచుకోసాగింది.

రాత బాగుంది. అదే ఆవిడ బాధ. పాత ప్రోగ్రాంతో ఎనిమిదేళ్ళు కుస్తీ పట్టినా తనకు తట్టని దారి, నిన్నగాక మొన్న వచ్చినదానికి తట్టింది. వరుస తరవాత వరుస కిందికి జరుపుతూ పోయింది. ఎక్కడా వంక దొరకలేదు.

నూట నలభయ్యో వరుస దగ్గర వేలు నిలిచిపోయింది.

థర్మామీటరుతో మాట్లాడే లైను పట్టుకోవడం పైన ఉంది. వదలడం అట్టడుగున ఉంది. మధ్యలో జవాబు కోసం ఆగి ఉండగా ఎవరైనా ‘ఆపు’ నొక్కితే, ఆ కోరొటీన్ అక్కడికక్కడే పోతుంది. అడుగు వరుస దాకా రానే రాదు. పట్టిన లైను పట్టినట్టే ఉండిపోతుంది. మళ్ళీ మొదలెడితే ఒక్క గదీ పలకదు. ఈ ప్రోగ్రాం భాషలో లైన్ల సంగతి ఇంకెవరూ చూసుకోరు. పట్టినవాళ్ళే, పోయేముందు కూడా వదిలేలా రాసుకోవాలి. దిద్దాలంటే రెండు నిమిషాల పని.

ఆవిడ తలెత్తింది. కిటికీ దగ్గర చిన్నది వంచిన తల ఎత్తకుండా తొనలకంటిన పీచు తీస్తోంది.

రేపు కోల్డ్ స్టోరేజీ యజమాని చూడటానికి వస్తాడు. ఆ మనిషి కనిపించిన ప్రతి బొత్తామూ నొక్కే రకం. ‘ఆపు’ నొక్కక మానడు. రేపటివి ఉత్త గదులే కదా, ఎవరి సరుకూ కుళ్ళిపోదు. ఎందుకు చూడలేదని తనని అడిగితే, కొత్త తరహా రాత, కంటికి ఆనలేదంటుంది. చిన్నదాని నవ్వు మాత్రం ఒక్క పూటైనా ఆగుతుంది. కుర్చీ మాట కూడా.

“ఎలా ఉందక్కా?”

“తప్పేం లేదు,” అని ‘సరే’ నొక్కింది.

చిన్నది దగ్గరికొచ్చి తెర మీద నిలిచి ఉన్న వరుసల కేసి చూసింది. “ఇంకోసారి చూస్తావా పోనీ?”

“నా చూపు మీద నమ్మకం లేదేమిటే?”

“ఉండబట్టే కదా అడిగాను.” సగం నారింజ ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పదింటికి యజమాని వచ్చాడు. గోడమీది తెరపై మూడొందల గదుల అంకెలు చకచకా మారుతున్నాయి. ఆయన ముచ్చటపడి చూసి, లావుపాటి వేలు చాపాడు. “ఇది నొక్కితే?”

“ఆగిపోతుందండీ,” అంది చిన్నకోడలు.

నొక్కాడు. అంకెలు ఆగాయి. ఆయన మళ్ళీ మొదలెట్టాడు. మూడొందల గదులూ మునుపటిలాగే పలికాయి. ఇంకో నాలుగుసార్లు ఆపి, మొదలెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. పెద్దకోడలు ప్రతిసారీ ఆ అంకెలకేసే చూసింది.

మేనేజరు లేచాడు. “నిన్నటి దాకా ఇది ఆపితే బిగుసుకుపోయేదండీ. నూట నలభయ్యో వరుసలో లోపం. పట్టుకున్నది వీరు,” అని పెద్దకోడలి వైపు చెయ్యి చూపించాడు. “రాసినావిడే పొద్దున్న వచ్చి చెప్పింది. ‘మా అక్క పట్టింది, నేను దిద్దాను. అలాంటి కన్నున్న మనిషికే ఆ కుర్చీ ఇవ్వండి, నాకొద్దు’ అంది. నేనూ సరేనన్నాను. ఇవాళ్టినుంచి టీం లీడరు వీరే.”

చప్పట్లు మోగాయి. ఎవరెవరో వచ్చి అభినందనలు చెప్పారు. ఆవిడ అందరికీ తలూపింది.

గది ఖాళీ అయింది. చిన్నకోడలు ఒక్కతే తెర కిందున్న వైరు చుడుతోంది. పెద్దకోడలు తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“నేను నీతో ఎప్పుడు చెప్పానే?” అంది.

చిన్నకోడలు వైరు చుట్ట పక్కన పెట్టింది.

“నువ్వా వరుస దగ్గర ఆగడం కిటికీ అద్దంలో చూశానక్కా.”