ఏడో వెర్షన్ మీద ఒక వాక్యం

ఒక్క వాక్యం దగ్గర యాప్ ఏడో వెర్షన్ విడుదల ఆగిపోయింది.

ఆ యాప్ సూర్యాపేటలో రాకేష్ నడిపే చిన్న కంపెనీది. వరి ఆకు ఫోటో చూసి తెగులు పేరు చెబుతుంది. వేల ఫోటోలతో అలా చెప్పడం నేర్పిన ప్రోగ్రామునే మోడల్ అంటారు.

మోడల్ ఫైళ్లన్నీ, వాటిలో చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా 'రిపో' అనే ఒకే ఆన్‌లైన్ భండారంలో భద్రంగా ఉంటాయి. ఏ ఫోటోలతో నేర్పారు, ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అని ప్రతి ఫైలుకూ ఒక వివరాల పేజీ రాసి జతచేయాలి.

ఆ పేజీలు రాయడానికే ఫూల్‌సింగ్ ఏప్రిల్‌లో కాంట్రాక్టు మీద చేరాడు. యాభై దాటిన మనిషి. వ్యవసాయ డిప్లొమా. రెండు వేళ్లతో టైపు చేసేవాడు.

అంతకుమించి ఆఫీసులో అతని గురించి ఎవరూ ఏమీ అడగలేదు.

ఒక ఆదివారం అతను బండి మీద మఠంపల్లి వెళ్లి, క్వారీ దారి పక్క పొలాల్లో ఆకులను యాప్‌తో ఫోటోలు తీసి చూశాడు. సోమవారం పేజీలో రాశాడు:

'రాతి దుమ్ము పడిన ఆకుల మీద ఈ మోడల్‌ను నమ్మవద్దు. తెగులున్నా లేదంటుంది.'

రాకేష్ అతన్ని పిలిచాడు.

"ఇది చూస్తే ఏ డీలరన్న మన యాప్ తీసుకుంటడా? తీసెయ్."

"తీస్తే రైతు మందు కొట్టడు సార్. పది రోజులల్ల పొలం పోతది."

ఫూల్‌సింగ్ తీయలేదు. రాకేషే తీసేసి, ఏడో వెర్షన్ విడుదల చేశాడు. నెలాఖరుకు ఫూల్‌సింగ్‌ను ఇక రావద్దన్నారు.

ఇంజనీరు సింధూజ ఆ రోజు పక్క టేబుల్ దగ్గరే ఉంది. తల ఎత్తలేదు.

అక్టోబరులో మఠంపల్లి నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

తెగులు లేదన్న యాప్ మాట నమ్మి రైతులు మందు కొట్టకుండా ఆగారు. అగ్గి తెగులు ఆకుల నుంచి వెన్నుల మెడకు, అంటే కంకుల కాడలకు, పాకింది. అప్పుడే బయటికొచ్చిన వెన్నులు తెల్లబడి విరిగిపోయాయి.

చిరంజీవి అనే కౌలు రైతు ఆఫీసుకే వచ్చాడు. అరవలేదు. సింధూజ ఎదుట కూర్చున్నాడు.

"నాలుగెకరాలమ్మా. మూడుసార్లు ఫోటో తీసిన. మూడుసార్లు ఏం లేదనే వచ్చింది."

ఆమె రిపోలో పాత మార్పులు తిరగేసింది. తీసేసిన వాక్యం తేదీతో సహా కనిపించింది. తీసేసినవారి పేరూ ఉంది.

మోడల్‌కు మళ్లీ నేర్పాలి. అందుకు దుమ్ము కింద కూడా తెగులును పోల్చుకోగల మనిషి కావాలి. మొదట్లో తమకు ఫోటోలు అమ్మిన కోదాడ ఏజెన్సీకి ఫోన్ చేసి, వాటిలోని తెగుళ్లను గుర్తించి పేర్లు పెట్టిన నిపుణుడు ఎవరని అడిగింది. పాత కాగితాలు వెతకాలి, రెండు రోజులు పడుతుందండీ అన్నారు.

ఈలోగా ఫూల్‌సింగ్‌కు క్షమాపణ చెప్పాలని హాలియా దగ్గరి తండాకు వెళ్లింది.

ఇంట్లో అతని కూతురు గోపిక ఒక్కతే ఉంది. ఉద్యోగం పోయాక మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోశాడని, నెల కిందట అక్కడే కూలబడ్డాడని, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందని చెప్పింది.

సింధూజ ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

"ఆయన చెప్పింది మేం వినలేదమ్మా."

"బాపు ఎవ్వల్నేమనలే అక్కా. మఠంపల్లి దిక్కు నుంచి ఎవరొచ్చినా, వరి ఎట్లున్నదని అడుగుతుండె. అంతే."

తిరుగు బస్సు మిర్యాలగూడ దాటాక కోదాడ నుంచి ఆమె ఫోన్‌కు నిపుణుడి వివరాలు వచ్చాయి.

పేరు ఫూల్‌సింగ్, హాలియా మండలం, ముప్పై వేల ఆకులకూ తెగులు పేరు పెట్టింది ఈయన ఒక్కరే.