ఎదురింటి దీపం

ఆమెకు అన్నింటికన్నా పెద్ద భయం ఒకటే. ఈ కాలనీలో చివరికి తనూ, రెండేళ్ళ బుజ్జిదీ మాత్రమే మిగిలిపోవడం.

అందుకే సాయంత్రమయ్యేసరికి పిల్లను చంకనేసుకుని కిటికీ దగ్గర నిలబడుతుంది. ఎదురింటి వాకిట్లో తెల్లటి దీపం వెలుగుతుంది. హమ్మయ్య అనుకుంటుంది. ఆ వెంటనే మూతి ముడుచుకుంటుంది.

ఎదురింట్లో ఉండేది సైరన్ పిన్ని. బొగ్గు కరెంటు ప్లాంటు నడిచిన రోజుల్లో షిఫ్టు సైరన్ ఒకటి, పిన్ని గొంతు ఒకటి, ఏది ముందు మోగితే దానికే కాలనీ లేచేదని అందరూ నవ్వుకునేవారు. పొగ తగ్గాలని, గాలి బాగుపడాలని ప్లాంటు మూసేశారు. నిజమే, ఇప్పుడు ఆరేసిన బట్టల మీద బూడిద పడటం లేదు. బట్టలు ఆరేసేవాళ్ళే లేరు. నలభై ఇళ్ళలో ముప్పై ఎనిమిదింటికి తాళాలు. ఆమె భర్త ఎక్కడో సోలార్ పార్కులో పలకలు కడిగే పనికి వెళ్ళాడు. ఆదివారం ఫోన్ చేస్తాడు. “గది దొరకగానే తీసుకెళ్తా” అంటాడు. ప్రతి ఆదివారం అదే మాట.

ఈ కాలనీ ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. నైట్ షిఫ్టుల కాలం నుంచీ వచ్చింది. చీకటి పడగానే వాకిట్లో లైటు వెయ్యాలి. లైటు వెలిగితే ఆ ఇల్లు క్షేమం. వెలగకపోతే, ఎంత పగ ఉన్నా సరే, ఎదుటివాళ్ళు వెళ్ళి తలుపు కొట్టాలి.

పగ వచ్చి పన్నెండు రోజులైంది.

గేటుకి నష్టపరిహారం జాబితా అంటించిన రోజది. పర్మినెంటు వాళ్ళ పేర్లున్నాయి. చనిపోయిన బాయిలర్ ఆపరేటర్ భార్యగా పిన్ని పేరుంది. పదేళ్ళు బొగ్గు దించిన కాంట్రాక్టు కూలీ పేరు, అంటే తన భర్త పేరు, లేదు.

“ఏడవకే పిచ్చిదానా, వెళ్ళి అడుగుదాం,” అంది పిన్ని దగ్గుతూ.

“మీకేం పిన్నీ! పరిహారం మీకు, బూడిద మాకు. ఊరికే జాలి చూపించకండి.”

పిన్ని దగ్గుకుంటూ వెనుదిరిగింది. ఆ సైరన్ మధ్యలో ఆగిపోవడం ఆమె చూడటం అదే మొదలు.

మర్నాడే ఎదురింటికి సోలార్ దీపం వచ్చింది. ఒకటో తారీఖున కాలనీకి కరెంటు లైను తీసేస్తారట. జాబితాలో ఉన్నవాళ్ళకు ముందుగా దీపాలు. ఆమె రేషన్‌కి వెళ్ళొచ్చేసరికే బిగించేశారు. కర్టెన్ సందులోంచి చూసి ఉడికిపోయింది.

అప్పటినుంచీ మాటల్లేవు. పిన్ని బయటికి కూడా రావడం లేదు. ఎంత పంతమో అనుకుంది ఆమె. దీపం మాత్రం గడియారం చూసుకుని వేసినట్టు వేస్తుంది. మొన్న మబ్బు కమ్ముకొచ్చి మధ్యాహ్నం మూడింటికే మసకేస్తే, అప్పుడే వెలిగించేసింది!

“చూశావటే బుజ్జీ, ఊరికే వచ్చిన వెలుతురు కదా, పట్టపగలే మనకి చూపించి మురిసిపోతోంది మీ అమ్మమ్మ.”

బుజ్జిది ఎదురింటి వైపు చెయ్యి చాపి “అమ్మమ్మ” అంది.

తిట్టుకోవడం తిట్టుకోవడమే. ఆ దీపం చూశాకే ఆమెకు అన్నం సహించేది.

ఇవాళ పొద్దు వాలుతుండగా తలుపు చప్పుడైంది. భుజాన నిచ్చెనతో సోలార్ మేస్త్రీ.

“దీపం బిగించాలమ్మా.”

“మా పేరు జాబితాలో లేదన్నయ్యా. ఇల్లు పొరబడ్డారేమో.”

“ఎక్కించారు. దీపానికీ, పరిహారానికీ కూడా. అంతా ఎదురింటావిడ చలవ.”

“ఆవిడా?”

మేస్త్రీ నిచ్చెన ఎక్కుతూ నవ్వాడు. “ఆవేళ నన్ను గుమ్మం దాటనివ్వలేదమ్మా. ‘ముందు ఎదురింటికి పెట్టు, పసిపిల్ల ఉంది’ అంటుంది. వాళ్ళ పేరు లేదంటే నా ఫోన్ లాక్కుని ఆఫీసరుకి వాయించింది. ‘పర్మినెంటు వాడు పీల్చిన పొగ వేరూ, కాంట్రాక్టు వాడు పీల్చిన పొగ వేరూనా? వాళ్ళు బొగ్గు దించకపోతే మీ బాయిలర్ మా ఆయన ఊదితే మండేదా?’ అని. ఆ దగ్గు, ఆ ఆయాసం! కాసేపు కూర్చుంటుంది, లేచి మళ్ళీ తిడుతుంది. ఆయన ఒప్పుకునేదాకా ఫోన్ నా చేతికి ఇస్తే ఒట్టు.”

ఆమె ఎదురింటి తలుపు వైపు చూసింది. “నాతో ఒక్క ముక్క చెప్పలేదే.”

“నన్నూ చెప్పొద్దంది. పనయ్యాక దాని మొహం నేనే చూస్తానంది.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పరుగెత్తి వెళ్ళాలని ఉంది. మొహం చెల్లడం లేదు.

“అన్నయ్యా, ఒక్క సాయం చెయ్యండి. పోతూ పోతూ ఆ తలుపు కొట్టి, మా పిన్ని ఎలా ఉందో ఒకసారి చూడండి. నేను అడిగానని చెప్పొద్దు. కాదు, చెప్పండి. రాత్రికి అన్నం నేనే పట్టుకొస్తానని చెప్పండి.”

“అలాగేలేమ్మా. ఇదిగో, అయిపోయింది. ఎదురింటికి పెట్టినదే ఇదీను, తేడా ఏం లేదు.”

ఎండ పాత చిమ్నీ వెనక్కి జారిపోయింది. ఆమె పిల్లనెత్తుకుని కొత్త దీపం కిందికొచ్చి, గోడంతా చేత్తో తడిమింది.

“ఇవాళ పిన్నికంటే ముందు నేనే వెలిగిస్తాను. స్విచ్ ఎక్కడ పెట్టారన్నయ్యా?”

“ఈ దీపాలకి స్విచ్ ఉండదమ్మా, మసకపడితే వాటంతటవే వెలుగుతాయి.”