నాలుగో బ్రా

"సైకిలుకైతే అది వద్దమ్మాయ్" అంది గళ్ళ చొక్కా ఆవిడ, బుజ్జి చేతిలోని బ్రా వైపు చూసి.

బుజ్జికి ఒళ్ళు మండింది.

ఇలాంటివి కొనేటప్పుడు పక్కన కన్నతల్లి ఉన్నా ఆమెకి సిగ్గే. అందుకే కొట్టావిడక్కూడా కనబడకుండా గోడవైపు తిరిగి ఎంచుకుంటోంది.

"సైకిలుకని మీకెవరు చెప్పారండీ?"

"కుడికాలి ప్యాంటు పైకి మడిచావు. దానికి చైన్ నూనె అంటింది."

బుజ్జి కిందకి చూసుకుంది. నిజమే.

ఆవిడకి నలభై ఐదు దాటి ఉంటాయి. ముఖం ఎండకి కమిలింది. చంకలో ఓ అట్టపెట్టె ఉంది.

"ఇది మెత్తగా ఉందని..." అంది బుజ్జి గొంతు తగ్గించి.

"మెత్తనిది ఇంట్లో కూర్చోడానికి. గతుకుల్లో రెండు కిలోమీటర్లు పోయేసరికి నీ భుజాలు నిన్ను తిట్టుకుంటాయి."

ఆ తిట్లు బుజ్జి నెల రోజులుగా తింటూనే ఉంది.

ఇద్దరు పిల్లలు పుట్టాక ఒళ్ళు నిండింది. సాయంత్రానికి భుజాల మీద పట్టీలు ఎర్రగా అచ్చుపడేవి. గతుకు కనిపిస్తే చాలు, బ్రేకు వేసేది. "భయమా?" అని మొగుడు అడిగితే "ఆఁ, భయమే" అనేసింది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు.

"మరి ఎలాంటిది తీసుకోవాలి?"

"నువ్వు లోపలికెళ్ళు. నేనందిస్తాను."

తెర అడ్డంగా లాక్కుంది బుజ్జి. తెర మీదుగా మొదటిది వచ్చింది.

"బరువు భుజాలు కాదు, కింది పట్టీ మొయ్యాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరుతున్నాయా?"

"నాలుగు దూరుతున్నాయి."

"అయితే విప్పెయ్."

రెండోది వచ్చింది.

"ఊపిరాడ్డం లేదక్కా."

ఆవిడ ఎప్పుడు అక్కైపోయిందో బుజ్జికే తెలీదు.

మూడోది వచ్చింది.

"ఇది బావుందక్కా."

"అద్దం ముందు నిటారుగా నిలబడితే అన్నీ బావుంటాయి. హేండిల్ పట్టుకున్నట్టు చేతులు చాపి ముందుకు వంగు."

బుజ్జి వంగింది.

"ఏమైంది?"

"నాకంటే ముందు అదే బయటికొచ్చేస్తోంది."

కొట్టావిడ ఫక్కున నవ్వింది. తెర వెనక బుజ్జీ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇంత పట్టుగా ఎక్కడికమ్మాయ్ తొక్కేది?" అని అడిగింది గళ్ళ చొక్కా ఆవిడ.

"ఎల్లుండి పరీక్షుందక్కా, లైబ్రరీలో. రాలేనివాళ్ళ ఇళ్ళకి సైకిల్ మీద పుస్తకాలు చేర్చే ఉద్యోగం. పుస్తకాల సంచీతో ఎనిమిది కిలోమీటర్లు తొక్కాలి. ఒక్కొక్కళ్ళనీ వేరే వేరే సమయానికి రమ్మన్నారు. ఎవరు తక్కువ టైంలో వస్తే వాళ్ళకే. ఉన్నది ఒక్కటే పోస్టు."

"ఇప్పుడేం చేస్తున్నావు?"

"ఇస్త్రీ దుకాణంలో చేసేదాన్ని. మూసేసి ఐదు నెలలైంది. ఇది కూడా రాకపోతే పెద్దదాన్ని బడి మాన్పించాలి."

బుజ్జి తెర వైపు చెవి పెట్టింది.

"అక్కా, ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

అట్టపెట్టె మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి తెర మీదుగా నాలుగోది వచ్చింది.

వెడల్పాటి కింది పట్టీ. వీపు మధ్య కలుసుకునే భుజం పట్టీలు. చెమట పీల్చే పలచని బట్ట. బుజ్జి వంగి చూసింది. చేతులెత్తి చూసింది. చివరికి ధైర్యం చేసి రెండుసార్లు గెంతింది.

ఒళ్ళు తనతోపాటే లేచి, తనతోపాటే దిగింది.

"ఇదే అక్కా" అంటూ ముఖం వెలిగిపోతూ బయటికొచ్చింది.

కొట్టావిడ ఇబ్బందిగా చూసింది. "అది ఆవిడ తనకోసం తీసిపెట్టుకున్నదమ్మా. ఆ సైజులో అదే ఆఖరుది. మళ్ళీ సోమవారానికి గాని రాదు."

డబ్బులు తియ్యబోయిన బుజ్జి చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"ఆ అమ్మాయికే ఇవ్వండి" అంది గళ్ళ చొక్కా ఆవిడ. "నా దగ్గర పాతది ఉంది. ఇంకొన్నాళ్ళు గడుస్తుంది."

"వద్దక్కా, మీరు ముందు..."

"తీసుకోమంటున్నానా. వేడినీళ్ళలో ఉతక్కు, సాగిపోతుంది."

గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"గతుకుల్లో బ్రేకు వెయ్యకమ్మా. ఇంక అవసరం లేదు."

ఆ సంగతి ఈవిడకెలా తెలిసిందని బుజ్జి నోరెళ్ళబెట్టింది. పేరు అడగడం కూడా మర్చిపోయింది.

పరీక్ష రోజు బుజ్జి బ్రేకు వెయ్యలేదు.

ఉద్యోగంలో చేరిన పొద్దున, పుస్తకాలు సంచీలో సర్దుకుంటుంటే లైబ్రరీ గుమ్మంలో అదే గళ్ళ చొక్కా కనిపించింది. బుజ్జి పరిగెత్తుకెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నాకే వచ్చింది. మీ చలవే."

"భుజాలెలా ఉన్నాయి?"

"అసలు ఉన్నాయన్న సంగతే గుర్తు రావడం లేదు."

ఆవిడ హాయిగా నవ్వింది. బుజ్జి చెంప మీద చిన్నగా తట్టింది.

"మీరేంటి ఇలా వచ్చారు? పుస్తకాలకా?"

"లేదమ్మా, నా కాగితాలు కొన్ని ఇక్కడుండిపోయాయి."

లైబ్రేరియన్ ఇచ్చిన కవరు తీసుకుని, సంతకం పెట్టి, ఆవిడ సైకిలెక్కింది. వీధి మలుపు తిరిగేదాకా బుజ్జి చెయ్యి ఊపుతూనే ఉంది.

"ఎంత మంచిదో సార్ ఆవిడ" అంది లోపలికొస్తూ. "ఇంతకీ ఎవరో మీకు తెలుసా?"

"తెలియకేం" అన్నాడు లైబ్రేరియన్ రిజిస్టరు మూస్తూ, "పదకొండు సెకన్ల తేడాతో ఈ ఉద్యోగం నీ చేతిలో పోగొట్టుకున్నది ఆవిడే."